మామిడి పూతను బూడిద చేసుకోవడం ఎలా?

మామిడి తోట పెంచడం గురించి చెప్పేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ఉన్న తోటను పద్ధతిగా పాడుచేసుకోవడం గురించి చెప్పేవాళ్ళు లేరు. చేసేవాళ్ళు ఉన్నారు గానీ వాళ్ళు మొహమాటస్తులు, బయటపడరు. నాకా మొహమాటం లేదు. నూజివీడు దగ్గర మా తాత వేసిన 4 ఎకరాల తోట 12 ఏళ్ళ కిందట నా చేతికొచ్చింది. 10 మీటర్ల ఎడంతో 160 చెట్లు. ఎక్కువ బంగినపల్లి, గట్టు వెంట కలెక్టరు, ఇంటి వాడకానికని బావి దగ్గర ఆరు చిన్నరసం చెట్లు. అప్పుడది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. జిల్లా మారింది గానీ నా పద్ధతి మారలేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను, తోటకు పట్టే బూజు తెగుళ్ళను ఎలా చూసుకోవాలో. అంటే, ఎలా చూడకుండా ఉండాలో.

గట్టుకు అవతల మా బాబాయి తోట. అదీ తాత వేసిందే. అదే ఏడు, అవే అంట్లు, అదే ఎర్రనేల. మధ్యలో ఒక్క ముళ్ళకంచె. ఈ వ్యాసంలో ఆయన ప్రస్తావన పదేపదే వస్తుంది. ఏం చేయకూడదో తెలియడానికి ఎవరో ఒకరు ఉండాలిగా.

మొదటి సూత్రం: కాయ దింపిన మర్నాడే తోటకు తాళం వేయండి. మళ్ళీ సంక్రాంతికి తీయొచ్చు. కాపు అయిపోయాక చెట్టు దగ్గర మనకేం పని? వట్టిపోయిన గేదె ముందు గడ్డి వేస్తూ కూర్చోం కదా. మీరు లేనప్పుడు చెట్టు మీద ఏముంటాయంటే ఎండిన పుల్లలు, కాయ నిలవని పాత పూతకాడలు, నల్లబడి రాలకుండా వేలాడే పిందెలు. మచ్చ తెగులు కాపురం వాటిలోనే. కొందరు దాన్ని పక్షికన్ను తెగులంటారు, చదువుకున్నవాళ్ళు కొల్లెటోట్రైకమ్ అంటారు. వానచినుకు ఆ ఎండుపుల్ల మీద పడి చిట్లినప్పుడల్లా దాని బీజాలు కింది చిగురు మీదికి దిగుతాయి. చినుకు చినుకుకీ ఒక మెట్టు. తొలకరి నుంచి దీపావళిదాకా వానలన్నీ దానికి టిక్కెట్టు లేని ప్రయాణం. మధ్యలో మనం వెళ్ళి అడ్డుపడటం ఏం మర్యాద?

బాబాయికి ఆ మర్యాద లేదు. జూలై రాగానే రంపం, కత్తెర పట్టుకుని తోటలో దిగుతాడు. ఎండుపుల్ల కనిపిస్తే ఎండినంతవరకే కోసి ఊరుకోడు, దాని కింద మూడంగుళాల పచ్చికొమ్మ కూడా కలిపి కోస్తాడు. 'పచ్చిదెందుకు బాబాయ్, పాపం?' అన్నాను ఒకసారి. 'ఎండు కనిపించేచోటికి బూజు ఎప్పుడో దాటేసి ఉంటుందిరా అబ్బాయ్, మనం దానికన్నా ముందుకెళ్ళి కోయాలి' అన్నాడు. కోసినచోట నీలంరంగు ముద్ద పూస్తాడు. కోసిన చెత్తంతా కుప్పపోసి తగలబెడతాడు. చెట్టు నడుమ కొమ్మలు రెండుమూడు తీసేసి, మొదట్లో నిలబడి తలెత్తితే ఆకాశం కనిపించేలా చేస్తాడు. మా తోటలో మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగానే ఉంటుంది. ఎండాకాలం మంచం వేసుకోడానికి అంత సుఖమైన చోటు ఈ చుట్టుపక్కల లేదు. రాత్రి కురిసిన మంచు పొద్దున పది దాటినా ఆకు మీద ఆరదు. ఆ సుఖం నా ఒక్కడికే కాదు, బూజుకీ తెలుసు.

రెండో సూత్రం: బూజులన్నీ ఒకటేనని గట్టిగా నమ్మండి. మచ్చ తెగులు రావాలంటే ఆకు తడిగా ఉండాలి. బూడిద తెగులుకు ఆ అవసరం లేదు, గాలిలో పొడిలా కొట్టుకొచ్చి పొడి ఆకు మీదే మొలుస్తుంది. రాత్రి చలి, పగలు కాస్త మబ్బు ఉంటే దానికి చాలు. గట్టి వాన పడితే పైగా కడుక్కుపోతుంది. మసిమంగుదింకో దారి, అది చెట్టును తినదు, చెట్టు మీద కారిన తీపిని తింటుంది. ఈ తేడాలు తెలిశాయంటే ఏ నెలలో ఏం కొట్టాలో, ఏది కొట్టక్కర్లేదో కూడా తెలిసిపోతుంది. ఖర్చు తగ్గుతుంది. ఖర్చు తగ్గితే ఊళ్ళో మన పరపతేం కాను? అందుకని కొట్టుకు వెళ్ళి 'తోటకు తెగులొచ్చింది, మందివ్వు' అంటే సరిపోతుంది. ఆకు కోసుకుని వెళ్ళక్కర్లేదు.

ఇక బూడిద తెగులు. ఈ వ్యాసానికి ప్రాణం అదే గనక కాస్త నింపాదిగా చెబుతాను.

డిసెంబరు, జనవరిలో కొమ్మ చివర మొగ్గ ఉబ్బుతుంది. కొద్దిరోజుల్లో పూగుత్తి సాగుతుంది, ఎర్రటి కాడ, దాని మీద నలుసుల్లాంటి పూలు. ఒక్కో గుత్తిలో వందల్లో, వేలల్లో పూస్తాయి. చివరికి నిలిచే కాయ ఒకటో రెండో, అదీ అదృష్టముంటే. అంటే చెట్టు అసలే దుబారాగా పూస్తుందన్నమాట. ఒక పొద్దున పొరపాటున గుత్తిని వంచి చూశారనుకోండి, కాడ మొదట్లోనూ పూరేకుల వెనకా ఎవరో వరిపిండి చల్లి ఊదినట్టు తెల్లటి పొడి కనిపిస్తుంది. వేలితో రాస్తే అంటుకుంటుంది. అప్పటికి విచ్చుకోని పువ్వు ఇక విచ్చుకోదు. వారం తిరిగేసరికి ఆ తెలుపు మాసి గోధుమరంగుకొస్తుంది. అప్పుడు గుత్తికి చెయ్యి తగిలితే పూలన్నీ జలజలమని రాలి, కాడ ఒక్కటీ చీపురుపుల్లలా చేతిలో మిగులుతుంది. ఆవగింజంత పిందెలు కట్టి ఉంటే అవీ అందులోనే.

దీన్ని మా ఊళ్ళో 'మంచు కొట్టింది' అంటారు. ఎంత హాయైన మాటో చూడండి. 'ఏరా, పూత బాగా వచ్చిందన్నావు?' 'ఏం చెప్పను పెదనాన్నా, మంచు కొట్టింది.' అంతటితో అయిపోయింది. మంచు మీద కేసు పెట్టడానికి కోర్టు లేదు, మంచుకు మందు లేదు, మంచు మన మాట వినదు. పాపం మంచు, అది చేసిందల్లా బూజుకు చల్లటి రాత్రి ఏర్పాటు చేయడమే. పూతను తిన్నది ఆయిడియమ్ అనే బూజు. ఆ పేరు ఊళ్ళోకి రానివ్వకండి. పేరొస్తే వెనకే మందూ వస్తుంది.

బూజు కాదని రుజువు చేయడానికి ఇంకో మార్గం దిష్టి. పూత విరగబూసినప్పుడు రోడ్డున పోయేవాళ్ళ కళ్ళన్నీ దానిమీదే ఉంటాయి గనక తోట గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టాలి. బూడిద తెగులుకు బూడిద గుమ్మడికాయ, లెక్క ఎంత చక్కగా కుదిరిందో! నేను మూడేళ్ళు కట్టాను. రెండో ఏడు ఆ గుమ్మడికాయకే బూజు పట్టింది.

అదే సమయంలో బాబాయి ఏం చేస్తున్నాడు? పూమొగ్గ ఇంకా అగ్గిపుల్ల తలకాయంత ఉండగానే, తెల్లపొడి కంటికి ఆనకముందే, నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టించేశాడు. 'రాని జబ్బుకు మందేంటి బాబాయ్, డబ్బు దండగ' అన్నాను. 'వచ్చాక కొడితే అక్కడితో ఆగుద్దేమో గానీ రాలిన పువ్వు మళ్ళీ కొమ్మెక్కదురా' అన్నాడు. పూలు విచ్చుకున్నాక మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటాడు, ఈగలూ తేనెటీగలూ తిరిగే రోజుల్లో మందు జోలికి పోడు. పిందె బఠాణీగింజంత అయ్యాక మళ్ళీ ఒకసారి, ఈసారి వేరే జాతి మందు. ఈ తెగులుకు ఆయన డ్రమ్ము కదిలేది ఆ రెండుసార్లే.

మీరు అలా చేయకండి. తెల్లపొడి తోటంతా పాకి, పక్క ఊరివాళ్ళు కూడా గుర్తుపట్టాక మొదలుపెట్టండి. పూలన్నీ విచ్చుకున్న రోజు చూసి, పొద్దున తొమ్మిదింటికి, ఈగలు సరిగ్గా పనిలో ఉన్నప్పుడు గన్ను తెరవండి. మామిడికి పుప్పొడి మోసేది ఎక్కువగా ఆ ఈగలే. వాటిని తరిమేస్తే బూజు మిగిల్చిన పువ్వు కూడా పిందె కట్టదు. రెండు పనులూ ఒకే ట్యాంకుతో అయిపోతాయి. గంధకమే కావాలంటే మార్చిలో ఎండ 35 డిగ్రీలు దాటాక మధ్యాహ్నం పూట కొట్టండి. నేనొకసారి భోజనం చేసి వచ్చి ఒంటిగంటకు కొట్టించాను. రెండోరోజుకి ఆకుల అంచులు మాడిన అప్పడాల్లా తయారయ్యాయి. దాన్ని కూడా మంచు మీద వేద్దామనుకున్నాను గానీ అప్పటికి ఉగాది వెళ్ళిపోయింది, ఎవరూ నమ్మలేదు.

మందుల కొట్టు గురించి ఒక మాట. చెట్టుకేం కావాలో చెట్టు దగ్గర తెలియదు, కొట్టులోనే తెలుస్తుంది. ముందు సీసా మీది త్రికోణం చూడండి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అని నాలుగు రంగులుంటాయి. మనిషికి ఎంత విషమో చెప్పే గుర్తులవి, బూజుకు ఎంత పనిచేస్తుందో చెప్పేవి కావు. కానీ ఎరుపు చూడగానే మనసుకు ఒక ధైర్యం. బూజు మందుల్లో చాలావాటి మీద నీలమో ఆకుపచ్చో ఉండటం చూసి నేను చాలాకాలం వాటిని పిల్లల మందులనుకున్నాను.

తర్వాత మార్పు. ఒకే మందు ఏళ్ళ తరబడి కొడితే బూజు దానికి అలవాటుపడుతుందని ఉద్యానశాఖ వాళ్ళు చెబుతారు. నిజమే, కార్బండజిమ్ లాంటి మందులు బూజు ఒంట్లో ఒక్కచోటే దెబ్బకొడతాయి. ఆ ఒక్కచోటూ మార్చుకున్న బూజు బతికి, దాని సంతతి తోటంతా నిండుతుంది. అందుకని నేనూ మందు మారుస్తాను. ఒక ఏడు నీలం సీసా, మరో ఏడు బంగారురంగు మూత, ఇంకో ఏడు పులిబొమ్మ. మూడు కంపెనీలు, మూడు ధరలు. ఒకరోజు బాబాయి ఆ మూడు ఖాళీ సీసాలూ వరసగా గట్టు మీద పెట్టి, వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్ని చదవమన్నాడు. మూడింట్లోనూ హెక్సాకొనజోలే. ఆ చిన్న అక్షరాలు చదవడం మొదలుపెడితే మనశ్శాంతి ఉండదు. పాఠకులకు నా సలహా, కళ్ళజోడు ఇంట్లో పెట్టి కొట్టుకు వెళ్ళండి.

పాత కాగితాలను కూడా నమ్ముకోవచ్చు. మా నాన్నగారి నోటుపుస్తకంలో బూడిద తెగులుకు ట్రైడెమార్ఫ్ అని ఉంది. నేను మొన్నటిదాకా నాలుగు కొట్లు తిరిగి అడిగాను. 2018లోనే ప్రభుత్వం దాన్ని నిషేధించిందట, బెనోమిల్‌తో పాటు. నాలుగో కొట్టాయన లోపలికి పిలిచి నెమ్మదిగా చెప్పాడు, 'ఎక్కడా అడక్కండి, పరువు పోతుంది' అని.

కొలత విషయానికొస్తే, మూత ఉండగా కొలగిన్నె ఎందుకు? లీటరుకు 2 మిల్లీలీటర్లని సీసా మీద రాస్తారు. అది పిరికివాళ్ళకి. 'ఓ మూత ఎక్కువెయ్యి' అనేది మన సంప్రదాయం. ఇక కలపడం. కూలీలు వచ్చేదొక్కరోజు, డ్రమ్ము ఒక్కటి, అందుకని తేనెమంచు పురుగు మందు, బూజు మందు, బోరాన్, పూత నిలిచే టానిక్కు, జిగురు, అన్నీ ఒకే 200 లీటర్ల నీళ్ళలో పోసేయండి. దీన్ని నేను పంచామృతమని పిలుస్తాను. ఒకసారి కలిపి కలపకముందే అది పాలు విరిగినట్టు పెళ్ళలు కట్టింది. గన్ను మూతికి అడ్డుపడి సగం రోజు విప్పడం, ఊదడంతోనే సరిపోయింది. ఊదింది నోటితో. ఆ సాయంత్రం తలనొప్పి ఎందుకొచ్చిందో నాకిప్పటికీ తెలియదని ఇంట్లో చెబుతుంటాను.

పాత చెట్లు ముప్ఫై అడుగులు దాటి ఉంటాయి. మీ గన్ను ఇరవై అడుగులు పోతుంది. పై పది అడుగుల్నీ బూజుకు వదిలేయండి. అది అక్కడ కూర్చుని కింద కడిగినచోటల్లా మళ్ళీ చల్లుకుంటుంది. బాబాయి చెట్లు ఎందుకు పొట్టిగా ఉన్నాయా అని నేను ఏళ్ళ తరబడి నవ్వుకున్నాను.

బోర్డో మిశ్రమం. ఇది చెప్పకుండా ఏ తెగుళ్ళ వ్యాసమూ ముగియదు. ఫ్రాన్సులో బోర్డో అనే ఊరి పక్కన మెడాక్ అని ద్రాక్షసీమ ఉంది. అక్కడ దారి పక్క తీగల కాయలు బాటసారులు కోసుకు తినేస్తున్నారని, చూడగానే అసహ్యం పుట్టేలా వాటి మీద మైలుతుత్తమూ సున్నమూ కలిపి నీలంగా చల్లేవాళ్ళు. 1882లో మిలార్డే అనే వృక్షశాస్త్రం ప్రొఫెసరు ఆ దారిన పోతూ ఒక సంగతి కనిపెట్టాడు. తోటంతా బూజు పట్టి ఆకు రాలిపోతే, ఆ రోడ్డు వరసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. రెండుమూడేళ్ళు ప్రయోగాలు చేసి 1885లో లోకానికి చెప్పాడు. ఆనాటినుంచి ఈనాటిదాకా, 140 ఏళ్ళు, బూజు దానికి లొంగుతూనే ఉంది. రాగి బూజును ఒక్కచోట కాదు, పదిచోట్ల కొడుతుంది గనక దానికి అలవాటుపడటం కష్టమట.

ఈ చరిత్ర నుంచి నేను నేర్చుకున్న నీతి: బోర్డో మిశ్రమం దొంగలకు పనిచేస్తుంది. అందుకని రోడ్డు వైపు ఒక్క వరసకే కొట్టండి, లోపలికెవరూ రారు.

కలపడం ఇలా. నూటికి ఒక పాలు మిశ్రమం అంటే మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్ళు 100 లీటర్లు. బాబాయి రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టి, ఒకదాంట్లో మైలుతుత్తం గుడ్డలో మూటగట్టి రాత్రే వేలాడదీస్తాడు, తెల్లారేసరికి అది కరిగి నీళ్ళు నెమలికంఠం రంగుకొస్తాయి. రెండోదాంట్లో సున్నం విరియబోసి గోనెసంచి గుడ్డలో వడగడతాడు. రెండింటినీ ఒకేసారి మూడో డ్రమ్ములోకి పోస్తూ కర్రతో కలుపుతాడు. ఆ తర్వాత ఒక తంతు ఉంది, అది చూడాలి. మొలలోంచి కొడవలి తీసి, నేలకేసి రుద్ది మెరిసేలా చేసి, ఆ నీలంలో ముంచి నిమిషంసేపు ఉంచి పైకెత్తి ఎండలో తిప్పి చూస్తాడు. ఇనుము ఇనుములాగే ఉంటే సరే. అంచు మీద ఎర్రటి రాగిపూత కనిపించిందా, 'ఇంకా పులుపుందిరా' అని సున్నపునీళ్ళు మరికాస్త పోస్తాడు. మళ్ళీ కొడవలి. సున్నం చాలకపోతే మిగిలిపోయిన రాగి ఆకును కాల్చేస్తుందట. అరవయ్యేళ్ళ మనిషి డ్రమ్ము ముందు కొడవలి పట్టుకుని అలా నిలబడితే ఏదో అమ్మవారి జాతరలా ఉంటుంది.

మీరైతే ఇనుప డ్రమ్ములో చేయండి. మైలుతుత్తం ముందు డ్రమ్మునే తింటుంది, మిగిలిన బలం చెట్టుకిస్తుంది. కొడవలి ముంచక్కర్లేదు, డ్రమ్మే కొడవలి. సున్నం కొట్టులో గట్టిపడిపోయిన పాత బస్తా తెచ్చుకోండి, చవక. పొద్దున కలిపినదాన్ని పొద్దున్నే కొట్టాలని తొందరపడకండి, రెండ్రోజులు ఊరనిచ్చి, అడుగున చిక్కటి మడ్డి పేరుకున్నాక పైన తేరిన నీళ్ళు కొట్టండి. గన్ను అస్సలు అడ్డుపడదు.

నాలుగో సూత్రమో ఐదో సూత్రమో, లెక్క తప్పింది. మసిమంగును మసిగానే చూడండి. పూతకాలంలో చెట్టు కిందికెళ్తే తల మీద సన్నటి తుంపర పడుతుంది, ఆకాశంలో మబ్బుండదు. కొమ్మ కదిపితే చిటపటమని చప్పుడు, నలుసుల్లాంటి పురుగులు మొహాన కొడతాయి. అవే తేనెమంచు పురుగులు. పూగుత్తి రసం పీల్చి, మిగిలిన తీపినీళ్ళు కిందికి వదులుతాయి. ఆకులు బెల్లప్పాకం పూసినట్టు జిగటగా మెరుస్తాయి. ఆ పాకం మీద నల్లబూజు మొలుస్తుంది, చివరికి చెట్టంతా ఇటుకబట్టీ పక్కన ఉన్నదానిలా మారుతుంది. ఆకు మీద ఎండ పడదు, చెట్టుకు అన్నం ఉడకదు. దీనికి బూజు మందే కొట్టండి, మూడుసార్లు కాదు ఆరుసార్లు. పురుగు ఉన్నంతకాలం పాకం కారుతూనే ఉంటుంది, పాకం ఉన్నంతకాలం మసి వస్తూనే ఉంటుంది, మీకు కొట్టులో ఖాతా నడుస్తూనే ఉంటుంది. బాబాయి పురుగును మొదట్లోనే పట్టుకుంటాడు. మసి ఉన్న ఆకులకు గంజి కాచి పలచగా చేసి కొట్టిస్తాడు, అది ఎండి పెచ్చులు లేచేటప్పుడు మసిని కూడా లాక్కుని రాలిపోతుంది. చొక్కాలకు పెట్టే గంజి చెట్టుకు పెట్టడమేమిటని మా ఆవిడ కూడా నవ్వింది. ఆకు మాత్రం పచ్చగా బయటపడింది, ఒప్పుకోవాలి.

ఇవన్నీ దాటి కాయ నిలిచిందనుకోండి, నిలిచే చెట్లు కొన్ని మొండివి ఉంటాయి, అప్పుడు కూడా ఆశ వదులుకోనక్కర్లేదు. మచ్చ తెగులులో ఒక గొప్ప గుణముంది. లేత కాయ మీద వాలి, తొక్కలోకి సూదిమొనలా దిగి, అక్కడ నిద్రపోతుంది. పచ్చికాయలో దానికి విరుగుడు పదార్థాలుంటాయి. కాయ పండుతూంటే అవి తగ్గుతాయి, అప్పుడు లేస్తుంది. అందుకే మార్కెట్టుకు తోలినప్పుడు కాయ అద్దంలా ఉంటుంది. లారీ ఢిల్లీ చేరి, పెట్టె విప్పి, రెండ్రోజులు మగ్గాక నల్లటి చుక్కలు తేలతాయి. పైనుంచి నీళ్ళు జారినచోట కన్నీటిచారల్లా వరసగా దిగుతాయి. వ్యాపారి ఫోను చేస్తాడు. 'కాయ పంపినప్పుడు బాగానే ఉందిగా' అనండి. అది నిజం కూడాను. అబద్ధమాడకుండా ఇంత నష్టం తెచ్చిపెట్టే తెగులు ఇంకోటి నాకు తెలియదు.

దాన్ని కాయ మీద వాలకుండా ఆపే, వాలినా నిద్రలోనే చంపే ఉపాయాలున్నాయి. కాయకు కాగితం కవరు తొడగొచ్చు. కోశాక 52 డిగ్రీల వేడినీళ్ళలో ఐదు నుంచి పది నిమిషాలు ముంచి తీసి ఆరబెట్టొచ్చు. బాబాయి ఇంట్లో ఇందుకని ఒక థర్మామీటరు ఉంది, జ్వరాలది కాదు. కాయ కోసేటప్పుడు చిక్కంతో, తొడిమ వేలి కణుపంత వదిలి కోయించి, సొన కారిపోయాక గానీ బుట్టలో పెట్టనివ్వడు. నేల తగిలిన కాయను వేరే గంపలో వేస్తాడు. మీరు కొమ్మ పట్టుకుని ఊపండి. నాలుగు గంటల పని అరగంటలో అవుతుంది. తొడిమ ఊడినచోట కాయకు తలుపు తెరిచినట్టే, మట్టిలో ఉన్న బూజు నేరుగా అక్కడినుంచి లోపలికెళ్ళి తొడిమ దగ్గర కుళ్ళు మొదలుపెడుతుంది.

సందేహాలొస్తే ఎవర్ని అడగాలంటారా? ఎవర్నీ అడగొద్దు. నూజివీడులోనే మామిడి పరిశోధన స్థానం ఉంది. నేను పన్నెండేళ్ళుగా బస్సులో దాని మీదుగా వెళ్తున్నాను, ఒక్కసారి కూడా దిగలేదు. కిసాన్ కాల్ సెంటర్ అని ఒకటుంది, 1800-180-1551. ఈ నంబరు ఇక్కడ ఎందుకిస్తున్నానంటే, పొరపాటున మీ వేలు దాని మీద పడకుండా జాగ్రత్తపడతారని. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు. డబ్బు అడగని సలహాకు విలువేముంటుంది చెప్పండి.

నిరుడు పూత మీద గుత్త మాట్లాడుకోవడానికి షావుకారు వచ్చాడు. ముందు మా తోటలోకి దిగాడు. ఒక గుత్తి వంచాడు, వేలు రాసి చూసుకున్నాడు, పంచెకు తుడుచుకున్నాడు. ధర చెప్పలేదు. మంచినీళ్ళడిగి తాగి, ముళ్ళకంచె తీగ ఎత్తిపట్టుకుని అవతలికి దూరాడు. నేను ఇటువైపు నిలబడే ఉన్నాను. వాళ్ళిద్దరూ తువ్వాలు కింద చేతులు కలిపి బేరమాడుకోవడం కనిపించింది గానీ ఎంతకు తెగిందో వినిపించలేదు.

బావి దగ్గరి చిన్నరసం చెట్లు కూడా ఈ ఏడు కాయలేదు. ఆవకాయకు వంద కాయలు బాబాయి పంపాడు, డబ్బు తీసుకోలేదు. ఒక్కో కాయా ఎత్తి వెలుగులో తిప్పి చూశాను, మూడుసార్లు చూశాను. ఒక్కదాని మీద కూడా మచ్చ లేదు.